చిమ్నీలో మూడు గొంతులు

కెనడాలోని విండ్సర్‌లో ఇల్లు కొన్నప్పుడు అచ్యుత్ మనసు పారేసుకుంది హాల్లో ఉన్న ఫైర్‌ప్లేస్ మీద. డెబ్బై ఏళ్ల ఇల్లది. కిందికి దిగితే బేస్‌మెంట్‌లో చెమ్మ వాసన, పైకి ఎక్కితే కిర్రుమనే మెట్లు. అవేవీ అతని కంటికి ఆనలేదు. ఎర్ర ఇటుకల పొయ్యి, దానిపైన నల్లటి చెక్క అర, లోపల నిజమైన కట్టెల మంట ఉంటే చాలనుకున్నాడు. చలికాలమంతా కార్ల ప్లాంటులో డ్యూటీ ముగించి రాగానే కట్టెలు పేర్చి మంట వేయడం, దాన్ని వీడియో తీసి స్నేహితులకు పంపడం ఇదే పని. ఆ పొగ ఎటు పోతోందో, పోయే దారిలో ఏం పేరుకుంటోందో ఒక్కరోజూ ఆలోచించిన పాపాన పోలేదు. కారుకు టైముకు ఆయిల్ మార్పించే మనిషికి చిమ్నీకి ఏడాదికోసారి బ్రష్ పెట్టించాలని తెలియకపోవడం విచిత్రమే. కానీ అతన్ని ఒక్కణ్ణే అని లాభం లేదు, మనలో చాలామంది అంతే.

జూన్ మొదట్లో ఇన్సూరెన్సు వాళ్లు ఉత్తరం రాశారు. చిమ్నీ తనిఖీ చేయించి నెలాఖరులోగా రిపోర్టు పంపమన్నారు. అప్పుడు గుర్తొచ్చింది అయ్యగారికి. ఎవరినో అడిగి విష్ణు నంబరు సంపాదించాడు. విష్ణుది కరీంనగర్. పదేళ్ల క్రితం చదువుకని వచ్చి, చదివినదాన్ని పక్కన పెట్టి చిమ్నీల పని నేర్చుకుని, ఇప్పుడు సొంత వ్యాను, సొంత నిచ్చెనలతో తిరుగుతున్నాడు. పైకెక్కి టార్చి వేసి చూసినవాడు, బ్రష్ బయటికి తీయకుండానే దిగొచ్చాడు.

"అన్నా, ఇయ్యాల పని కాదు. లోపట పిట్ట గూడు పెట్టింది. గుడ్లు సుత ఉన్నయ్."

"తీసేయొచ్చుగా?"

"తీస్తే కేసైతది. స్విఫ్ట్ అంటరు దాన్ని. చెట్టు మీద కూసోదు, చిమ్నీ గోడకే అతుక్కుంటది. ఇక్కడి గవర్నమెంటు దాన్ని ముట్టుకోనియ్యదు. సెప్టెంబర్ల ఎగిరిపోతయ్, అప్పుడొచ్చి మొత్తం క్లీన్ చేస్త. ఇన్సూరెన్సోళ్లకు లెటర్ నేనిస్త, నువ్వు ఫికర్ పడకు."

వ్యాను దగ్గరికి నడుస్తూ ఇంకో మాట కూడా చెప్పాడు. "చిమ్నీ నెత్తి మీద టోపీ లేదన్నా. అందుకే దూరినయ్. వాన సుత సీదా లోపటికే పడ్తది. కింద డ్యాంపర్ మూసే ఉంచు, ఆ ఇనుప రేకు తెరవకు. గూడు ఎంగిలితోని అతికించుకుంటది, గట్టి వానకు ఊడినా ఊడొచ్చు. ఏమన్న పడితే నాకు ఫోన్ కొట్టు, అర్ధ గంటల వస్త."

అచ్యుత్ సరేనని తలూపాడు. నిజానికి అతని చెవి సగమే అటుంది. మిగతా సగం లోపల సోఫాలో పడుకున్న ధాత్రి మీద ఉంది.

ధాత్రికి అప్పుడు ఆరో నెల నడుస్తోంది. అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. మొదటిది తొమ్మిదో వారంలో, రెండోది పధ్నాలుగో వారంలో పోయాయి. రెండోసారి పోయాక ఆమె నెలరోజులు మాట్లాడలేదు, మాట్లాడటం మొదలుపెట్టాక నవ్వడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. అందుకే ఈసారి అచ్యుత్ ఇంట్లో ఒక్క గాజుగ్లాసు కూడా చప్పుడు కానీయకుండా బతుకుతున్నాడు. ధాత్రి తల్లి భ్రమరాంబ కాకినాడ నుంచి పురుడు పోయడానికి వచ్చి ఉంది. ఊయల కొనలేదు, చొక్కా కొనలేదు, పేరు అనుకోలేదు. పుట్టకముందు ఏదీ ఇంట్లోకి తేకూడదని పెద్దావిడ కచ్చితంగా చెప్పింది. ధాత్రి కూడా సరేనంది.

గూడు సంగతి తెలియగానే భ్రమరాంబ ముఖం వెలిగిపోయింది.

"మంచిదే కదా బాబూ. పిట్ట తనంతట తనొచ్చి గూడు పెట్టిన ఇంట్లో పురుడు సుఖంగా అవుద్ది. మా పిన్నికి అలాగే అయ్యింది. మీరు మాత్రం దాని జోలికి పోకండి. పెళ్లాం కడుపుతో ఉన్నప్పుడు మగాడు గూడు చెరపకూడదు."

"నేనెందుకు పోతానండీ అత్తయ్యగారూ. చట్టమే ఒప్పుకోదంట."

చట్టం సంగతి పెద్దావిడ పట్టించుకోలేదు. ధాత్రి మాత్రం పురుడు సుఖంగా అవుతుందన్న ఆ మొదటి మాట పట్టుకుంది. ఎక్కువ తిరగొద్దు, మెట్లు ఎక్కొద్దు అని డాక్టరు చెప్పాక రాత్రి హాలు పక్క గదిలో పడక, పగలు ఆమె లోకమంతా ఆ సోఫా, దాని ఎదురుగా ఈ పొయ్యి. జూన్ చివర్లో గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. డ్యాంపర్ రేకు అవతల నుంచి ముందు కీచుకీచుమని, తరువాత తల్లి మేత తెచ్చినప్పుడల్లా ఇల్లంతా వినపడేంత గోలగా అరుపులు. ధాత్రి చెవులు రిక్కించి విని, గొంతులు మూడని తేల్చింది.

"ముగ్గురున్నారు. ఒకడు మాత్రం మిగతా ఇద్దర్నీ తోసేసి తింటున్నాడు," అని అచ్యుత్‌తో చెప్పింది. ఆ రోజు ఆమె నవ్వింది. చాన్నాళ్ల తరువాత భార్య నవ్వు చూసిన మగవాడికి ఎలా ఉంటుందో అచ్యుత్‌ను చూసి తెలుసుకోవాలి. వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తలుపు తెరిచి ఊరికే నిలబడ్డాడు.

అప్పటి నుంచి పొద్దున లేవగానే మొదటి మాట వాటి గురించే. అవి అరిస్తే ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుని "విన్నావా?" అనేది. లోపలివాడు తన్నితే "విన్నాడు" అనేది. నర్సు చెప్పినట్టు రోజూ కదలికలు లెక్కపెట్టుకుంటోంది, రెండు గంటల్లో పది. కానీ ఆ లెక్క కన్నా చిమ్నీలోని గోలే ఆమెకు ఎక్కువ ధైర్యం ఇచ్చేది. ఒక మధ్యాహ్నం అవి కాసేపు మాట్లాడకపోతే ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, అచ్యుత్‌ను ప్లాంటు నుంచి పిలిపించింది. అతను వచ్చేసరికి అవి మళ్లీ మొదలుపెట్టాయి. ఆ చెమటలు చూసినప్పుడే అచ్యుత్‌కు భయం పట్టుకుంది. ఈ పిట్టలకు ఏమైనా అయితే ధాత్రికి చెప్పడం తన వల్ల కాదని ఆ రోజే అనుకున్నాడు.

జూలై పదో తారీఖు రాత్రి గాలివాన వచ్చింది. మర్నాడు తెల్లవారుజామున డ్యూటీకి బయల్దేరబోతూ కాఫీ కలుపుకుంటుంటే ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మామూలుగా ఆ వేళకు అరుపులతో ఇల్లు ఎగిరిపోవాలి. పొయ్యికి అడ్డంగా పెట్టిన అట్టముక్క జరిపి, తెరవొద్దన్న డ్యాంపర్ కొంచెం తెరిచాడు. తడి మసితో పాటు గూడు జారి చేతుల్లో పడింది. చిన్న చిన్న పుల్లల గూడు, అరచేతిలో సగం. దాని వెనకే మూడు పిల్లలు. అప్పుడప్పుడే ఈకలు మొలుస్తున్నాయి. మూడూ చల్లగా ఉన్నాయి.

ఇక్కడే అతను మనిషిలా ఏడ్చి ఉంటే బాగుండేది. మేడ మీదికి వెళ్లి అత్తగారినైనా లేపి, ఇలా జరిగిందండీ అని చెప్పినా బాగుండేది. ఫోన్ కొట్టమన్న విష్ణుకు ఫోన్ కొట్టినా ఏదో ఒక దారి చెప్పేవాడు. కానీ మన అచ్యుత్ కార్ల ప్లాంటులో రోబోలకు ప్రోగ్రాం రాసే ఇంజనీరు. ఎక్కడ లైను ఆగినా ముందు లైను నడిపించు, తప్పెక్కడుందో తరువాత చూద్దాం అనే అలవాటు ఆ ఉద్యోగంలో రక్తంలోకి ఎక్కిపోతుంది. ధాత్రి లేవడానికి ఇంకా గంట టైముంది.

పిల్లల్నీ గూటినీ పేపర్ టవల్‌లో చుట్టి, నల్ల కవర్లో వేసి మూతి కట్టాడు. స్నానాల గదిలో పాటలు వినడానికి కొన్న చిన్న స్పీకర్ తీసుకొచ్చాడు. పిట్టల మీద పరిశోధనలు చేసేవాళ్ల వెబ్‌సైట్లో ఈ జాతి పిల్లల అరుపులు దొరికాయి. పాత ఫోన్‌లోకి ఎక్కించాడు. స్పీకర్‌ను చిమ్నీ లోపల డ్యాంపర్ పైన అంచు మీద నిలబెట్టి, రేకు మూసి, అట్టముక్క మళ్లీ అడ్డం పెట్టాడు. ధాత్రి కళ్లు తెరిచేసరికి పొయ్యిలో మూడు గొంతులు అరుస్తున్నాయి.

"రాత్రంతా ఉరుములు. నాకు గుండె గుబగుబలాడింది," అంది ఆమె. "పర్లేదు, బాగున్నారు."

"బాగున్నారు," అన్నాడు అచ్యుత్.

ఆ ఒక్క మాటతో సరిపోతుందనుకున్నాడు. కానీ అబద్ధానికి కూడా మెయింటెనెన్సు ఉంటుంది. ఫోన్‌ను బేస్‌మెంట్‌లో దాచి, అరుపులు ఎప్పుడు రావాలో ప్రోగ్రాం రాశాడు. ఒకేలా ఉంటే దొరికిపోతానని ఒకసారి పది నిమిషాలకు, ఒకసారి పాతికకు వచ్చేలా చేశాడు. చీకటి పడగానే ఆగిపోయేలా, మబ్బు పట్టిన రోజు తక్కువ అరిచేలా పెట్టాడు. రోజు విడిచి రోజు, భ్రమరాంబ దీపం పెట్టుకునే వేళ, ధాత్రి స్నానానికి వెళ్లినప్పుడు, స్పీకర్ దింపి ఛార్జింగు పెట్టి మళ్లీ ఎక్కించేవాడు. చేతి గోళ్లలో మసి దిగిపోయింది. ఆఫీసులో ఎవరో అడిగితే కారు రిపేరు అన్నాడు. వారం గడిచాక పిల్లలు పెరగాలి కదా అని కొంచెం పెద్ద పిల్లల అరుపులు వెతికి అవి పెట్టాడు.

"గొంతులు మారాయి చూశావా? పెద్దాళ్లయిపోతున్నారు," అని ధాత్రి మురిసిపోయింది.

పెద్దావిడకు ఒక్కసారి అనుమానం వచ్చింది. పెరట్లో బట్టలు ఆరేస్తూ, "తల్లిపిట్ట కంటికి కనపడదేంటి బాబూ, వారమైంది," అంది. తెల్లారకముందే మేత పెట్టి పోతుందని అతను చెప్పాడు. పాపం ఆవిడ నమ్మింది. అల్లుడు అబద్ధం చెబుతాడని ఆవిడకు తోచనేలేదు.

ఈ జాతి పిల్లలకు నెల తిరిగేసరికి రెక్కలొస్తాయని చదివాడు కాబట్టి, జూలై చివరికి ఎగిరిపోయినట్టు చేసి అన్నీ ఆపేయాలని అతని ప్లాను. రోజుకు కొంచెం కొంచెం అరుపులు తగ్గించి, ఒకరోజు పూర్తిగా ఆపేస్తాడు. రెక్కలొచ్చి వెళ్లిపోయారు ధాత్రీ అంటాడు. ఆమె కాస్త బెంగపడి, తరువాత సంతోషిస్తుంది. అక్టోబర్లో బిడ్డ పుడతాడు. ఈ సంగతి ఎప్పటికీ ఎవరికీ తెలియాల్సిన అవసరం లేదు. కాగితం మీద ఎంత చక్కగా ఉందో చూడండి.

ఇరవై రెండో తారీఖు బుధవారం మధ్యాహ్నం ప్లాంటుకు ఫోన్ వచ్చింది. భ్రమరాంబ. "బాబూ, కడుపులో బిడ్డ కదలటం లేదంటోంది పిల్ల. మీరు తొందరగా రండి."

హాస్పిటల్లో స్కానింగ్ చేసిన అమ్మాయి ముందు మాట్లాడుతూ చేసి, మధ్యలో మాటలు ఆపేసింది. అక్కడికే అర్థమైపోయింది. డాక్టరు వచ్చి కూర్చుని, ధాత్రి చెయ్యి పట్టుకుని చెప్పింది. బిడ్డ గుండె ఆగిపోయి ఒక రోజు పైనే అయి ఉండొచ్చని. ఎందుకో ఇప్పుడు చెప్పలేమని, పరీక్షల్లో తెలియొచ్చు, తెలియకపోవచ్చని. ముందే వచ్చి ఉంటే అని ధాత్రి అడిగింది. డాక్టరు ఆమె కళ్లలోకి చూసి, ఏమో, నిజంగా తెలియదు అంది.

గురువారం బిడ్డ పుట్టాడు. మగపిల్లాడు. అచ్యుత్ ముక్కే. నర్సు టోపీ పెట్టి, దుప్పటి చుట్టి ఇచ్చింది. ధాత్రి చాలాసేపు ఎత్తుకుంది. అచ్యుత్ కూడా ఎత్తుకున్నాడు. ఎంత తేలిగ్గా ఉన్నాడో అన్న ఆలోచన అతన్ని ఇక వదలలేదు.

శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చారు. దారిలో ఆగి క్యాబేజీ కొన్నారు. బిడ్డ లేకపోయినా ధాత్రికి పాలు పడటం మొదలైంది. పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు కట్టాలని భ్రమరాంబ అంటే, ఈ ఊళ్లో మల్లెలు ఎక్కడివి? క్యాబేజీ ఆకులు ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా కట్టుకోమని నర్సు చెప్పింది. పెద్దావిడ ఆకులు వలిచి ఫ్రిజ్‌లో సర్దేసి, వంటింట్లో ఏడవలేక పైన తన గదిలోకి వెళ్లింది.

ధాత్రి పైకి వెళ్లలేదు. సోఫాలో కూర్చుంది. అచ్యుత్ పక్కన కూర్చుందామా వద్దా అని ఇంకా నిలబడే ఉన్నాడు. అప్పుడు చిమ్నీలో అరుపులు మొదలయ్యాయి.

మూడు రోజుల గోలలో ఆ సంగతే మరిచిపోయాడు అతను. మంగళవారం పెట్టిన ఛార్జింగు ఇంకా మిగిలే ఉంది, అది పని చేస్తూనే ఉంది. ఎవరున్నారు, ఎవరు లేరు దానికి అక్కర్లేదు. మూడు గొంతులు ఒకదాన్నొకటి తోసుకుంటూ మేత కోసం అరుస్తున్నాయి.

ధాత్రి లేచి, మెల్లగా నడుచుకుంటూ వెళ్లి, పొయ్యి పక్క ఇటుకలకు నుదురు ఆనించి నిలబడింది.

"వీళ్లు బాగున్నారు," అంది.

అతను బేస్‌మెంట్ మెట్ల వైపు చూశాడు.

"నీకో సంగతి చెప్పాలి. అమ్మకి చెప్పలేదు, డాక్టరుకీ చెప్పలేదు. మంగళవారం పొద్దున్నే నాకు తెలిసింది అచ్యుత్. లెక్కపెట్టా. రెండు గంటల్లో పది రావాలి కదా, రెండే వచ్చాయి. ఫోన్ చేద్దామనుకున్నా. చేతిలో ఫోన్ కూడా ఉంది. అప్పుడు వీళ్లు మొదలుపెట్టారు. ఎప్పుడూ లేనంతగా అరిచారు. ఇంత గట్టిగా ఉన్నారు, వాడికేం అవుతుంది, నిద్రపోతున్నాడేమో అనుకున్నా. ఫోన్ పక్కన పెట్టేసి పడుకున్నా. రోజంతా వీళ్ల అరుపులు వింటూనే పడుకున్నా. నేనే చంపుకున్నాను వాణ్ణి. పిట్టల్ని నమ్ముకుని పిల్లాణ్ణి చంపుకున్నాను."

చెప్పకుండా ఉండిపోవచ్చు. ఆ క్షణంలో అచ్యుత్‌కు ఆ దారి స్పష్టంగా కనపడింది. ఇంకో వారం నడిపి ఆపేస్తే, స్పీకర్ చెత్తలో వేస్తే, ఎవరికీ ఏమీ తెలియదు. కానీ నేనే చంపుకున్నాను అన్న మాటతో ధాత్రి జీవితమంతా బతకాలి. ఆ మాట ఆమెది కాదు. తన దగ్గర ఉండాల్సింది ఆమె మోస్తోంది.

అతను మెట్లు దిగి, బేస్‌మెంట్ నుంచి పాత ఫోన్ తెచ్చాడు. ఆమె ఎదురుగా నిలబడి ఆపు నొక్కాడు. చిమ్నీ నిశ్శబ్దమైపోయింది. ధాత్రి చిమ్నీ వైపు చూసింది, అతని చేతిలోని ఫోన్ వైపు చూసింది. అతను అట్టముక్క జరిపి, డ్యాంపర్ తెరిచి, చెయ్యి లోపలికి పెట్టి స్పీకర్ బయటికి తీశాడు. మసి మోచేతి దాకా అంటింది.

ధాత్రి దాన్ని చూసింది.

"ఎప్పట్నించి?"

"వాన పడ్డ రాత్రి గూడు ఊడిపోయింది. మర్నాడు పొద్దున్నించి."

ఆమె వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంది. పదకొండు, పన్నెండు, పదమూడు. పెదవులు కదులుతున్నాయి. ఇరవై ఒకటి దగ్గర ఆగింది.

"అంటే మంగళవారం అరిచింది నువ్వా."

"ధాత్రీ, నీకు భయం వేస్తుందని... ఆ రోజు నీకు చెమటలు పట్టడం చూశాను. నీకేమైనా అయితే అని..."

"వాటిని ఎక్కడ పెట్టావు?"

అతనికి అర్థం కాలేదు.

"మూడు పిల్లలు. చచ్చిపోయాయి కదా. ఎక్కడ పెట్టావు?"

అబద్ధం చెప్పడానికి ఇక బలం లేదు. "చెత్తలో," అన్నాడు. "కవర్లో చుట్టి. లారీ వచ్చి తీసుకెళ్లిపోయింది."

ధాత్రి తల ఆడించింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే, తిట్టి ఉంటే, కొట్టి ఉంటే అతను బతికిపోయేవాడు.

"నువ్వు చెప్పి ఉంటే నేను ఏడ్చేదాన్ని," అంది. "అంతే కదా అయ్యేది. రోజంతా ఏడ్చేదాన్ని. ఆ తరవాత క్షణక్షణం భయపడుతూ కూర్చునేదాన్ని. మంగళవారం రెండే కదలికలు వస్తే, పరిగెత్తుకుంటూ హాస్పిటల్‌కి పోయేదాన్ని. వాడు బతికేవాడో లేదో నాకు తెలీదు. డాక్టరుకీ తెలీదు. కానీ నేను పోయేదాన్ని. భయపడటం తప్ప వాడి కోసం నేను చెయ్యగలిగింది ఇంకేమీ లేదు అచ్యుత్. నువ్వు దాన్ని కూడా చెయ్యనివ్వలేదు."

అతను ఆమె చెయ్యి పట్టుకోబోయి, తన చేతికి ఉన్న మసి చూసి ఆగిపోయాడు. ఆమె గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ, మేడ మీదికి వెళ్లి తల్లి గది తలుపు వేసుకుంది. లోపల ఇద్దరిలో ఎవరో ఏడుస్తున్న చప్పుడు వచ్చింది. ఎవరి గొంతో పోల్చుకోలేకపోయాడు.

కాసేపటికి తలుపు కొంచెం తెరిచి భ్రమరాంబ పై నుంచే పిలిచింది. ధాత్రి ఆవిడకు ఇంకా ఏమీ చెప్పలేదని ఆ గొంతులోని మెత్తదనం వల్ల తెలిసింది.

"బాబూ, ఆ ఆకులు చల్లబడ్డాయేమో చూసి పైకి తెస్తారా? పిల్లకి గుండెలు రాళ్లయిపోయాయి, నొప్పికి తట్టుకోలేకపోతోంది."

అచ్యుత్ వంటింట్లో చేతులు కడుక్కున్నాడు. సబ్బుతో ఒకసారి, గిన్నెలు తోమే పీచుతో ఇంకోసారి. గోళ్ల సందుల్లో నలుపు పోలేదు. ఫ్రిజ్‌లోంచి ఆకులు తీసి పళ్లెంలో పేర్చుకుని మెట్లెక్కి, తలుపు మీద మెల్లగా తట్టాడు.

"బయట పెట్టి వెళ్లు," అంది లోపలి నుంచి ధాత్రి.

అతను పళ్లెం గుమ్మం దగ్గర నేల మీద పెట్టి కిందికి వచ్చేశాడు.